రెడ్ రాక్స్: కొన్నది ఎవరు, కట్టింది ఎవరు

మొన్న రాత్రి హాస్టల్ గదిలో ఒకే ఫోన్ చుట్టూ చేరి మేము ఓ పాత కచేరీ వీడియో చూశాం. 1983 జూన్ 5న యూ2 అనే ఐర్లాండ్ బ్యాండ్ వానలో తడుస్తూ పాడింది. పాట ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, చుట్టూ ఉన్న ఎర్రబండలు చూసి అందరం నోరెళ్లబెట్టాం. అచ్చం మా ఊరి గుట్టల్లాగే! అక్కడి నుంచి వెతకడం మొదలుపెట్టాం.

ఆ చోటు అమెరికాలో కొలరాడో రాష్ట్రం, డెన్వర్‌కి పడమరగా మోరిసన్ అనే చిన్న ఊరి పక్కన ఉంది. రెండు వైపులా దాదాపు 300 అడుగుల బండలు, క్రియేషన్ రాక్, షిప్ రాక్. మధ్యలో వాలు. అక్కడ పాడితే గొంతు చెదిరిపోదు, బండలే పట్టుకుని వినిపిస్తాయి. జాన్ బ్రిస్బెన్ వాకర్ అనే సంపన్నుడు ఇది కనిపెట్టి కచేరీలు పెట్టించాడు. 1911లో మేరీ గార్డెన్ అనే ఆపెరా గాయని అక్కడ పాడింది. 1920ల చివర్లో డెన్వర్ నగరం ఆయన దగ్గర ఆ స్థలం కొంది.

చదివిన చాలాచోట్ల కథ వాకర్‌తోనే మొదలైంది. మాకు అది మింగుడుపడలేదు. పట్టా ఎక్కడ మొదలైతే చరిత్ర అక్కడే మొదలవుతుందా? అది యూట్, అరపాహో, షయాన్ ఆదివాసులు తిరిగిన నేల. 1864లో శాండ్ క్రీక్ దగ్గర సైనికులు షయాన్, అరపాహో జనాన్ని ఊచకోత కోశారు. 1881లో యూట్‌లలో చాలామందిని యూటాకి తరిమేశారు. ఇప్పుడు కొలరాడోలో యూట్‌లకి నైరుతి మూలన రెండు రిజర్వేషన్లు మిగిలాయి.

ఇక కట్టింది ఎవరంటే, మా వయసు కుర్రాళ్లే. ఆర్థిక మాంద్యం రోజుల్లో, 1933లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం సివిలియన్ కన్జర్వేషన్ కోర్ పెట్టి, పెళ్లికాని నిరుద్యోగ యువకులకి పని ఇచ్చింది. నెలకి 30 డాలర్లు, అందులో 25 నేరుగా ఇంటికే వెళ్లేవి. స్కాలర్‌షిప్ పడగానే ఇంటికి పంపే మాలాంటోళ్లకి ఈ లెక్క ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. 1936లో పని మొదలుపెట్టి పారలు, గునపాలతో ఐదేళ్లు కష్టపడ్డారు. నమూనా గీసిన బర్న్‌హామ్ హోయ్ట్‌ని మెచ్చుకోవాల్సిందే. ఆ పెద్ద బండల్ని అలాగే ఉంచి, వాలు మీదే వరసలు పేర్చాడు. 1941 జూన్ 15న ప్రారంభం. దాదాపు 9,500 మంది కూర్చోవచ్చు.

1964లో బీటిల్స్ వస్తే సీట్లు నిండలేదట, నమ్ముతారా! 1971లో జెత్రో టల్ కచేరీకి టికెట్ లేనోళ్లు ఎగబడితే పోలీసులు బాష్పవాయువు వదిలారు. ఆ తర్వాత ఐదేళ్లు రాక్ కచేరీలు బంద్.

2015లో దీన్ని జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించారు. అందులో ఆ కుర్రాళ్లు ఉన్న క్యాంపు కూడా ఉంది. వాళ్ల చెక్క బ్యారక్‌లు మోరిసన్‌లో ఇంకా నిలబడే ఉన్నాయి.