తెలుగు తీరంలో బానిసల యజమానులు

వశిష్ఠ గోదావరికి ఒక ఒడ్డున సఖినేటిపల్లి, అవతలి ఒడ్డున నరసాపురం. 17వ శతాబ్దంలో నరసాపురం ఓడల తయారీకి పేరుపొందిన రేవు. ఇంగ్లీషువారికి ఆ పక్కనే మాధవాయపాలెంలో వర్తక స్థావరం ఉండేది, డచ్చివారికి పాలకొల్లులో. బట్టల బేరానికి వచ్చిన కంపెనీలే కోరమండల్ తీరంలో మనుషులను కూడా కొన్నాయి.

మనిషిని సొత్తుగా చూడటం ఇక్కడికి ఓడల్లో వచ్చినది కాదు. మనుస్మృతి ఏడు రకాల దాసులను చెబితే, నారదస్మృతి పదిహేను రకాలను లెక్కపెట్టింది. ఇంట్లో పుట్టినవాడు, అమ్ముడుపోయినవాడు, వారసత్వంగా వచ్చినవాడు, అప్పుకు తాకట్టుపడ్డవాడు అందులో ఉన్నారు. కరువులో యజమాని అన్నం పెడితే బతికినవాడూ ఉన్నాడు. యజమాని హక్కు ఆకలి మీద ఎంతగా ఆధారపడిందో ఈ ఒక్క మాటతో తెలుస్తుంది.

డచ్ ఈస్టిండియా కంపెనీ ఆ ఆకలినే వాడుకుంది. యుద్ధం, కరువు వచ్చిన ఏళ్లలో తల్లిదండ్రులు పిల్లలను, కొందరు తమను తామే అమ్ముకున్నారు. 1622-23లో పులికాట్, దేవనాంపట్నం వంటి రేవుల నుంచి సుమారు 1,900 మందిని ఓడలెక్కించారు. గోల్కొండ పతనమైన 1687 ప్రాంతంలో, కరువు రోజుల్లో, ఎగుమతులు మళ్లీ పెరిగాయి. ఇక్కడ పట్టి తెచ్చి అమ్మినవారిలో స్థానిక దళారులు కూడా ఉన్నారు, వారిని వదిలేసి డచ్చివారిని మాత్రమే తప్పుపట్టడం సరికాదు. అవతల కొన్నవారు బటావియాలో (నేటి జకార్తా) కంపెనీ అధికారులు, వర్తకులు, కేప్ టౌన్‌లో రైతులు. అందరికంటే పెద్ద యజమాని కంపెనీయే. కేప్ పత్రాల్లో ఈ మనుషులకు ఇంటిపేరు లేదు. కొత్తగా పెట్టిన పేరుకు 'కోరమండల్ నుంచి' అన్న తోక తగిలించారు. యజమానుల వంశావళులు మాత్రం పదిలంగా ఉన్నాయి.

మద్రాసులోని ఇంగ్లీషు కంపెనీ 1688లో బానిసల ఎగుమతిని నిషేధించింది. 1789లో గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్ ఆ నిషేధాన్ని మరోసారి ప్రకటించాడు. బ్రిటిష్ పార్లమెంటు 1833 చట్టంతో తన వలసల్లో బానిసత్వాన్ని రద్దుచేసి, యజమానులకు 2 కోట్ల పౌండ్ల నష్టపరిహారం కేటాయించింది. విడుదలైనవారికి పైసా ఇవ్వలేదు. పైగా కంపెనీ పాలనలోని భారతదేశాన్ని ఆ చట్టం నుంచి మినహాయించింది.

ఇక్కడికి ఆ మార్పు 1843 నాటి 5వ చట్టంతో వచ్చింది. అదీ సగమే. "వీడు నా బానిస" అన్న వాదనను కోర్టులు ఒప్పుకోవడం మానేశాయి, యజమానికి శిక్ష లేదు. 1862లో అమల్లోకి వచ్చిన శిక్షాస్మృతి మనిషిని బానిసగా కొనడం, అమ్మడం నేరం చేసింది.

యజమాని అన్న పేరు పోయినా అప్పు పత్రం మిగిలింది. తీర్చలేని బాకీకి తండ్రి తరవాత కొడుకు చాకిరీ చేసే పద్ధతి తెలుగునాట పల్లెల్లో సాగింది. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ఆ బాకీలను రద్దు చేసింది. ఇచ్చినది వెట్టి అప్పు కాదని రుజువు చేసుకోవలసిన భారాన్ని అప్పిచ్చినవాడి మీదే పెట్టింది.