సైన్స్‌లో కాకినాడ, భీమిలి పేర్లు ఎలా చేరాయి?

కంబదూరు నుంచి మాట్లాడుతున్నా. మాది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం పక్క మండలం. జిల్లాలో ఏడాదికి సగటున పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. సముద్రం చూడాలంటే ఒక రాత్రంతా ప్రయాణం. ఇక్కడ కూర్చుని సముద్రపు సూక్ష్మజీవుల గురించి నీకెందుకబ్బా అంటారేమో. కారణం ఉంది, చివరిదాకా వినండి.

ముందు మూడు పేర్లు. థయోరోడోకాకస్ కాకినాడెన్సిస్. థయోరోడోకాకస్ భీమ్లికస్. రోడోవులమ్ విశాఖపట్నమెన్సె. మూడూ బ్యాక్టీరియా పేర్లే. కాకినాడ, భీమిలి, విశాఖపట్నం వాటిలోనే వినిపిస్తున్నాయి కదా! మూడూ 2007లో అంతర్జాతీయ పత్రికలో కొత్త జాతులుగా అచ్చయ్యాయి.

వీటి వెనక ఉన్నది ఇద్దరు శాస్త్రవేత్తల బృందం. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో చింతలపాటి వెంకట రమణ గారు, జేఎన్‌టీయూలో చింతలపాటి శశికళ గారు. గమనించండి, హైదరాబాద్‌లో కూడా సముద్రం లేదు.

వాళ్లు పట్టుకున్నది ఊదారంగు బ్యాక్టీరియాని. ఇవి చెట్లలాగే వెలుతురుతో బతుకుతాయి, కానీ ఆక్సిజన్ వదలవు. గాలి ఆడని బురదలో కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది చూడండి, అది హైడ్రోజన్ సల్ఫైడ్. చెట్టు నీటిని వాడుకున్న చోట వీటిలో చాలా జాతులు ఆ వాయువును వాడుకుంటాయి. రొయ్యల చెరువు అడుగున అదే వాయువు పేరుకుంటే రొయ్యలు చచ్చిపోతాయి. కాబట్టి ఇది పుస్తకాల్లో మాత్రమే ఉండే సంగతి కాదు.

ఈ జీవులు సైన్స్‌కి ఒక పెద్ద పాఠం కూడా నేర్పాయి. 1931లో వాన్ నీల్ అనే శాస్త్రవేత్త కాలిఫోర్నియా సముద్రతీరంలోని ల్యాబ్‌లో వీటిని చూసి ఒక లెక్క వేశాడు. సల్ఫైడ్ వాడే బ్యాక్టీరియా గంధకాన్ని మిగులుస్తుంటే, నీళ్లు వాడే చెట్టు వదిలే ఆక్సిజన్ ఆ నీళ్లలోంచే రావాలి కదా? 1941లో చేసిన ప్రయోగాలు అది నిజమేనన్నాయి. మనం పీల్చే గాలి రహస్యం బురదలో దొరికిందన్నమాట.

రమణ, శశికళ గార్ల ప్రయాణం కొత్త పేర్లతో మొదలు కాలేదు. ఈ బ్యాక్టీరియాలో కొన్ని వెలుతురులో హైడ్రోజన్ వాయువు తయారుచేస్తాయి. దాన్ని ఇంధనంగా వాడుకోవచ్చా అన్న విషయం మీద వాళ్లు సహచరులతో కలిసి 1993లోనే పెద్ద సమీక్షా వ్యాసం రాశారు. పేర్లు పెట్టే పని ఆ తర్వాత పెరిగింది.

పేరు పెట్టడం ఊరికే అయ్యేది కాదు. నమూనా తేవాలి. గాలి తగలకుండా, దీపాల కింద పెంచాలి. కలగాపులగంగా ఉన్న వాటిలోంచి ఒక్క రకాన్నే విడదీయాలి. జన్యువుల్ని తెలిసిన జాతులతో పోల్చాలి. చివరికి ఆ బ్యాక్టీరియాని రెండు వేరువేరు దేశాల భండారాల్లో భద్రపరచాలి. అప్పుడే ప్రపంచం ఒప్పుకుంటుంది. రేపు ఆ తీరమే మారిపోయినా జీవి మిగిలి ఉంటుంది.

నాకు ముఖ్యమనిపించింది ఈ ఆఖరి మాటే. మా వైపు చెరువులు నిండేది అరుదు. నిండినా కొన్ని నెలలే, తర్వాత నెర్రెలు బారతాయి. ఆ నీళ్లలో ఏముందో తెలియాలంటే, నీళ్లున్నప్పుడే ఎవరో ఒకరు సీసా పట్టుకుని దిగాలి. ఎండిపోయాక అడిగితే చెరువు జవాబు చెప్పదు.

మీరూ చూడొచ్చు. 1880ల్లో రష్యా శాస్త్రవేత్త వినోగ్రాడ్‌స్కీ చూపిన దారి ఇది. ఖాళీ వాటర్ బాటిల్లో చెరువు బురద వేయండి. చింపిన న్యూస్‌పేపరు, ఒక కోడిగుడ్డు పచ్చసొన కలపండి. పైన చెరువు నీళ్లు పోసి, మూత వదులుగా పెట్టి కిటికీ దగ్గర ఉంచండి. వాసన వస్తుంది, అమ్మ తిడుతుంది, ఇంటి బయటి కిటికీ అయితే మేలు. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి. కొన్ని వారాలకు ఆకుపచ్చ, ఊదా పొరలు కనిపించవచ్చు.

సముద్రం లేని హైదరాబాద్ నుంచి వెళ్లి కాకినాడ పేరు నిలబెట్టారు. చెరువున్న ఊరి పిల్లలం, మనకేం తక్కువ? మీ ఊరి చెరువులో ఇప్పుడు నీళ్లున్నాయా, కామెంట్‌లో చెప్పండి. ఉంటే ఈ వారమే సీసా తీసుకెళ్లండి.