వ్యర్థోష్ణ విద్యుత్తు (సిమెంటు బట్టీలు)

సిమెంటు బట్టీ నుంచి వృథాగా పోయే వేడితో ఆవిరి పుట్టించి కరెంటు తీసే పద్ధతి. కంచికచర్ల, నందిగామ, జగ్గయ్యపేట మెట్ట ప్రాంతంలో, ముఖ్యంగా జగ్గయ్యపేట వైపు, కృష్ణానది పొడవునా ఉన్న సున్నపురాయే ఇక్కడి సిమెంటు కర్మాగారాలకు ఆధారం. జగ్గయ్యపేట దగ్గరి జయంతిపురంలో రామ్‌కో సిమెంట్స్‌కు 27 మెగావాట్ల వ్యర్థోష్ణ విద్యుత్కేంద్రం ఉంది. భారత సిమెంటు రంగంలో ఈ పద్ధతికి తొలి అడుగు కూడా తెలుగునేల మీదే పడింది. నల్గొండ జిల్లా వాడపల్లి దగ్గరి విష్ణుపురంలో ఇండియా సిమెంట్స్ 2004లో జపాన్ ప్రభుత్వ సంస్థ నెడో సహకారంతో 7.7 మెగావాట్ల కేంద్రాన్ని నెలకొల్పింది.

తిరిగే బట్టీలో ముడిపొడి సుమారు 1450 డిగ్రీల సెల్సియస్ దగ్గర క్లింకర్ అనే గట్టి గుళికలుగా మారుతుంది. ముడిపొడిని ముందుగా వేడిచేసే ప్రీహీటర్ దాటిన వాయువుల్లో ఇంకా 300 డిగ్రీలకు పైగా వేడి మిగులుతుంది. క్లింకర్‌ను చల్లార్చిన గాలిలోనూ దాదాపు అంతే. ఈ రెండుచోట్లా బాయిలర్లు పెట్టి, ఆ ఆవిరితో టర్బైన్ తిప్పుతారు. అదనపు బొగ్గు దాదాపు అక్కర్లేదు. టన్ను క్లింకర్‌కు 20 నుంచి 35 యూనిట్ల దాకా కరెంటు రావచ్చు. కర్మాగారం అవసరంలో సుమారు నాలుగో వంతు తీరుతుంది.

అసలు చిక్కు దుమ్ముతో. ప్రీహీటర్ వాయువుల్లోని మెత్తటి పొడి బాయిలర్ గొట్టాల మీద పేరుకుని వేడిని అడ్డుకుంటుంది కాబట్టి సుత్తులతో కొట్టి దులిపే ఏర్పాటు ఉండాలి. క్లింకర్‌ను చల్లార్చిన గాలిలోని రేణువులు గొట్టాలను అరగదీస్తాయి. పైగా సున్నపురాయిని, బొగ్గును ఆరబెట్టేది కూడా ఈ వేడే. వానాకాలంలో రాయి తడిస్తే ఆ వాటా పెరిగి కరెంటు తగ్గుతుంది. అందుకే బట్టీలోనే ఇంధనం ఆదా చేయడం మొదటి పని, మిగిలిన వేడిని పట్టడం రెండోది.