పుట్టువెంట్రుకల పూర్వగాథ

పుట్టుజుట్టును తిరుపతి వేంకన్నకో, సింహాద్రి అప్పన్నకో, వేములవాడ రాజన్నకో మ్రొక్కుకొన్న యింట ఆ మ్రొక్కు తీరువఱకు బిడ్డ తలకు కత్తెర తాకరాదు. ఏడాదిలోపల తీర్చుకొనువారికి అంత చింత లేదు గాని, మూడవయేటికని నిలుపుకొన్నవారి యింట బిడ్డ నడకలు దాటి పరుగులు నేర్చునాటికి నుదుటి వెంట్రుకలు కనుబొమలను దాటి కన్నులలో పడును. మెడమీది వెంట్రుకలు చెమటకు తడిసి చిక్కులు పడును. గోరుముద్దలు తినిపింప బోయినచో మెతుకులతోపాటు కురులును నోటిలోనికి పోవును. పుట్టువెంట్రుకలు తీయు చౌలమను సంస్కారమును గూర్చి పండితులు విరివిగా వ్రాసినారు గాని, ఆ దినము వచ్చువఱకు అంత జుట్టును, అంత లేతతలను ఏకకాలమున కాపాడుట యెట్లను ప్రశ్నను తల్లులకే విడిచిపెట్టినారు. నిజమునకు ఆ సంస్కారమంతయు ఈ ప్రశ్నచుట్టునే అల్లుకొన్నదని నా నమ్మకము.

శిశువు కేశముల చరిత్ర గర్భమునందే మొదలగును. సుమారు 22వ వారమునాటికి రోమకూపములన్నియు ఏర్పడిపోవును. పుట్టిన పిదప క్రొత్తవి పుట్టవు. గర్భస్థశిశువు మేనంతయు కప్పియుండు నూగు చాలవఱకు ప్రసవమునకు ముందే రాలిపోగా, తలమీద నిలిచిన జుట్టు సయితము పుట్టిన కొన్ని నెలలలోనే రాలుట ఆరంభించును. వెల్లకిల పరుండి తల అటునిటు త్రిప్పెడు బిడ్డకు వెనుకతల బోసిపోవుట చూచి తల్లులు దిగులుపడుదురు గాని అది రోగము గాదు. కావున మూడవయేట మ్రొక్కు చెల్లించునాడు కత్తికి లోబడు జుట్టులో బిడ్డ పుట్టుకతో తెచ్చుకొన్నది దాదాపు లేదనియే చెప్పవలెను. గుండు చేయించినచో జుట్టు ఒత్తుగా వచ్చునను మాటకును ఆధారము లేదు. కత్తి చర్మముమీద పనిచేయును, కూపము చర్మములోపల నుండును. ఇది మ్రొక్కును తక్కువ చేయుటకు చెప్పినది గాదు. ఒత్తైన జుట్టు కొఱకే పసిబిడ్డకు మరల మరల గుండు చేయించువారికి చెప్పినది.

తెలుగునాట అనేక వైదికకుటుంబముల కాచారమైన ఆపస్తంబసూత్రము, పుట్టినది మొదలు మూడవయేట పునర్వసు నక్షత్రమున చౌలము చేయుమని విధించినది. మనువు మొదటియేడైనను మూడవయేడైనను తగుననెను. ఆశ్వలాయనుడు చెప్పిన విధానమును నిదానముగా చదివినచో ఒక్కొక్క క్రియవెనుకను బిడ్డ తలను గూర్చిన భయమును వాత్సల్యమును కానవచ్చును. బిడ్డ తల్లి యొడిలో నుండవలెను. తండ్రి చన్నీళ్లను వేడినీళ్లను కలిపి, ఆ గోరువెచ్చని నీటితోను వెన్నతోనో పెరుగుతోనో తల తడుపవలెను. తడిసి మెత్తబడిన జుట్టులో దర్భలనుంచి, బిడ్డను కాపాడుమని ఆ గడ్డిపోచలను, హింసింపవలదని ఆ కత్తిని ప్రార్థించి, దర్భలతో కూడ జుట్టును కోయవలెను. కోసిన వెంట్రుకలను జమ్మి ఆకులతో కలిపి తల్లిచేతికీయగా ఆమె వానిని ఎద్దుపేడమీద ఉంచును. ఇంతయు ముగిసినపిమ్మట మంగలిని పిలిచి, గోరువెచ్చని నీటితోనే పని చేయుమనియు, గాటు పడకుండ తల చక్కదిద్దుమనియు ఆజ్ఞాపింపవలెనని సూత్రకారుడు ప్రత్యేకముగా చెప్పినాడు. దేవతలతో మాటలాడుచున్న గ్రంథము ఒక్కక్షణము ఆగి పనివానితో గాయము చేయకుమని పలికిన ఆ చోటు నాకు మంత్రభాగముకంటె ఎక్కువ ఆప్తముగా తోచును. ఆడబిడ్డకును ఇదే క్రియ, మంత్రము లేకుండ.

మూడవయేడే యెందులకు అను ప్రశ్నకు సూత్రములలో సమాధానము లేదు. కాని నడినెత్తికి ముందుభాగమున మెత్తగా కొట్టుకొను మాడు సామాన్యముగా 12 మొదలు 18 నెలలలోపల పూడును. మూడవయేటికి కత్తి క్రింద గట్టి యెముక యుండును. సుశ్రుతుడు తలమీది సుడిక్రింద అధిపతియను మర్మముగలదనియు, అచట దెబ్బ తగిలినచో ప్రాణాపాయమనియు వ్రాసినాడు. అంతటి భయముగలవారు తొందరపడకుండుట సహజమే. చౌలమైన పిమ్మటను తల పూర్తిగా బోడి కాదు. చెంపలకిరువైపుల కాకిరెక్కలవలె విడిచిన కాకపక్షములతో విశ్వామిత్రుని వెంట నడచిన రాముని వాల్మీకి చూపినాడు, మంత్రికుమారులతో కూడి అక్షరములు దిద్దుకొన్న రఘువును కాళిదాసు చూపినాడు. రాజకుమారునకు చౌలము కాగానే లిపిని, లెక్కలను నేర్పవలెనని కౌటిల్యుని యర్థశాస్త్రము.

కాలక్రమమున ఈ క్రతువు అగ్నిహోత్రమును విడిచి ఆలయముల మెట్లెక్కినది, అన్ని కులములవారిదియునైనది. మేనమామ యొడిలో కూర్చుండబెట్టి అతనిచేత ముందుగా మూడు కత్తెరలు వేయించుట, బేసినెలలో గాని బేసియేట గాని తీయించుట మనవారి యాచారము. ముస్లిముల యిండ్లలో ఏడవనాడే జుట్టు తీయించి, దాని యెత్తు వెండిని దానమిచ్చుట గలదు. వారి బిడ్డలకు దీర్ఘకేశముల బాధయే లేదు.

ఇక నిలుపుకొన్న జుట్టును సంరక్షించుటలో మన ముసలమ్మల చేతివాటమును దగ్గరనుండి చూడవలెను. బిడ్డను ఒడిలో అవతలిమొగముగా కూర్చుండబెట్టుకొని, అరచేత నాలుగు చుక్కల నూనె రుద్దుకొని, జుట్టును మొదలువద్ద ఎడమచేత బిగబట్టి, చివరలనుండి కొంచెము కొంచెముగా పైకి చిక్కు తీయుదురు. లాగుడంతయు పట్టుకొన్న పిడికిటికే తగులును గాని నెత్తికి తగులదు. పిమ్మట నుదుటి వెంట్రుకలను మాత్రము కూడదీసి మెత్తని నూలుపేలికతో వదులుగా పిలక వేయుదురు, నిద్రవేళ విప్పివేయుదురు. ఇందులో మార్పవలసినది నాకేమియు కనబడదు. సాంబ్రాణిపొగను మాత్రము విడిచిపెట్టవలెను: నిప్పులకుండపై బుట్ట బోర్లించి తడిజుట్టును ఆరబెట్టుట కన్నులపండువే గాని, ఆ పొగ పసిబిడ్డ ఊపిరితిత్తులకు కీడు, ఆ నిప్పు చేతికందిన దూరమున నుండును. మెత్తని తువాలుతో అద్ది గాలికి ఆరనిచ్చిన చాలును.

పేలిక స్థానమున రబ్బరుబ్యాండు వచ్చుటతో ఈ కథ మలుపు తిరిగినది. 1845లో లండనునందు స్టీఫెన్ పెర్రీ హక్కుపత్రము పొందిన రబ్బరుబ్యాండు కాగితములను కట్టుటకు పుట్టినది, పసితలలకొఱకు గాదు. అది వెంట్రుకను పట్టి తెంపును, బిగిసి వేళ్లను లాగును. నిత్యము బిగించి లాగిన జుట్టు నుదుటియంచున పలుచబడునని 1907లోనే ట్రెబిట్ష్ అను పరిశీలకుడు గ్రీన్లాండు స్త్రీలను చూచి వ్రాసినాడు. ముడి వేసిన పిదప కనుబొమలు పైకి లాగినట్లున్నను, కుదుళ్లవద్ద చిన్న పొక్కులున్నను బిగువు మితిమీరినదని తెలియవలెను. పూసల క్లిప్పులు, చిన్న పిన్నులు ఊడి నోటిలో పడి గొంతున కడ్డము పడవచ్చును గనుక మూడేండ్లలోపు బిడ్డ తలలో అవి ఉండరాదు, ముఖ్యముగా నిద్రలో.

ఇంతకంటె కనబడని ప్రమాదము ఒకటి రాలిన వెంట్రుకయే. కాన్పైన కొన్ని నెలలకు బాలింతకు జుట్టు విపరీతముగా రాలును. ఆ వెంట్రుక ఒకటి బిడ్డ మేజోడులోనో పక్కబట్టలోనో చిక్కి కాలివ్రేలికి చుట్టుకొనును. తడిసినపుడు సాగి చుట్టుకొన్న వెంట్రుక ఆరినపుడు కుంచించుకొని బిగియును. వ్రేలు వాచుటతో అది కండలో కూరుకొని కంటికి కానరాదు, రక్తప్రసారము మాత్రము ఆగును. 1988లో అమెరికా వైద్యులు కొందఱు దీనికి ఒక పేరు పెట్టి, వెంట్రుక యైనను దారపుపోగైనను ఇదే పని చేయునని శిశువైద్యపత్రికలో వివరించినారు. పాలుద్రాగియు, పొత్తిగుడ్డ మార్చినను ఏడుపు మానని బిడ్డకు మేజోళ్లు తీసి కాలివ్రేళ్లను, చేతివ్రేళ్లను, మర్మావయవమును వెలుతురులో చూడవలెను. ఎఱ్ఱని వ్రేలిమీద గీటువంటి పల్లము కనిపించినచో, పోగు పైకి తెలియుచున్న విప్పి, తెలియనిచో ఒక్కగడియ వృథా చేయక ఆసుపత్రికి పరుగెత్తవలెను. తల్లి తన జుట్టును ముడిచికొని పాలిచ్చుట, బిడ్డ మేజోళ్లను తిరుగవేసి దులిపి తొడుగుట దీనికి ముందుజాగ్రత్తలు.

మ్రొక్కు చెల్లించునాడు క్రొత్త బ్లేడును కన్నులయెదుట విప్పించి, తల బాగుగా తడిపించి, బిడ్డ ఏడ్చి తల విదిలించినపుడు కత్తిని ఎత్తి పట్టుమని ముందే చెప్పవలెను. తలమీద పుండ్లున్నను, ఒంట జ్వరమున్నను ఆనాటికి ఆపవలెను. ముహూర్తము తప్పునని వెఱవ నక్కఱలేదు, మూడవయేడని చెప్పిన నోటితోనే ఆశ్వలాయనుడు కులాచారము చొప్పున కాలము మార్చుకొనుటకును అనుమతించినాడు.