రాశి భాగల ఫలాలు: పుట్టుక, ప్రామాణ్యం

రాశిచక్రంలోని 360 భాగలకు, అనగా డిగ్రీలకు, వేర్వేరు ఫలాలు చెప్పే పద్ధతి ఒకటి కలదు. దాని ప్రామాణ్య పరిశీలనకు పుష్కర గణన తోడ్పడుతుంది. 2020 నవంబరు 20న గురుడు మకరంలో ప్రవేశించగా, మానవపాడుకు సమీపంలోని అలంపురంలో తుంగభద్రా పుష్కరాలు ఆరంభమయ్యాయి. ఇది నిరయన గణన. సాయన గణనలో ఆనాడు గురుడు మకరంలో దాదాపు 24 భాగల వద్ద ఉన్నాడు. ఈ అంతరమే అయనాంశ.

6వ శతాబ్దికి చెందిన వరాహమిహిరుని బృహజ్జాతకం రవికి మేషంలో 10, చంద్రునికి వృషభంలో 3, కుజునికి మకరంలో 28, గురునికి కర్కాటకంలో 5 పరమోచ్చ భాగలని పేర్కొన్నది. గ్రీకు సంప్రదాయంలో చంద్రకుజుల అంకెలు ఇవే. రవికి 19, గురునికి 15. ఈ సామ్యం ఇరు సంప్రదాయాల సంబంధాన్ని సూచిస్తుంది. అయితే ఇవి గ్రహబలాన్ని తెలిపేవే గాని ప్రతి భాగకూ ఫలం చెప్పేవి కావు.

360 భాగలకూ ప్రతీకలిచ్చిన సేబియన్ పట్టిక అర్వాచీనం. 1925లో అమెరికాలోని శాన్ డియాగోలో మార్క్ ఎడ్మండ్ జోన్స్, ఎల్సీ వీలర్ దానిని కూర్చారు. దానికి ఆధారం అతీంద్రియ స్ఫురణే, గ్రహవేధ కాదు.

ఒకే గ్రహస్థితికి గణనభేదం వల్ల రెండు అంకెలు వస్తున్నప్పుడు, అంకెకు కట్టిన ఫలం నిలవదు. భాగ కొలతగా ప్రమాణం, ఫలసూచికగా కాదు.