పేరు తెలియని చిత్రకారుడు

క్రీస్తు పూర్వము 6వ శతాబ్ది మధ్యకాలమున ఏథెన్సు నగరములో అమాసిస్ అను కుమ్మరి యుండెను. ఈ పేరు ఆనాటి ఈజిప్టు రాజునకు గ్రీకులు పెట్టిన పేరే. కావున ఇతడు ఆ దేశమునుండి వచ్చెనేమో యని కొందరి ఊహ. తాను చేసిన కొన్ని పాత్రలపై, అమాసిస్ తన్ను చేసెనని ఆ పాత్రయే పలుకుచున్నట్లు ఇతడు వ్రాసెను. వానిపై బొమ్మలు వ్రాసినవాడు మాత్రము తన పేరు ఎచ్చటను చెప్పుకొనలేదు. పండితులు అతనిని అమాసిస్ చిత్రకారుడని వ్యవహరింతురు. అది ఎరువు తెచ్చుకొన్న పేరు.

ఆ చిత్రరచన సులభమైనది కాదు. బంకమట్టి తేటతో ఆకృతులు నింపి, మొనదేలిన సాధనముతో వస్త్రపు మడతలు, కనురెప్పలు గీయవలెను. ఆవములో మొదట గాలి విడిచి, పిదప బంధించి, మరల విడువగా పూత నల్లగా నిలిచి, తక్కిన మట్టి ఎర్రనగును. వేరు రంగేమియు అక్కరలేదు; మట్టికిని అగ్నికిని గల స్నేహమే అది.

సంతకము లేని పనివానిని గుర్తించుట ఎట్లు? పాత దస్తావేజులో అక్షరపు తోకను చూచి, ఇది ఫలానావారి దస్తూరి యని అనుభవజ్ఞులు చెప్పుదురు గదా! ఆక్స్‌ఫర్డు పండితుడు జాన్ బీజ్లీ (1885–1970) చేసినది అట్టిదే. చెవి, మోకాలు, చీలమండ మొదలగు చిన్న గీతలను పోల్చి, ఒక్క చేతి పనిని వేరుపరచెను. నల్లబొమ్మల చిత్రకారులపై ఆయన మహాగ్రంథము 1956లో వెలువడెను. నేడు నూరింటికి పైబడిన పాత్రలు ఈ అనామకునివిగా ఎంచబడుచున్నవి.

వానిలో న్యూయార్కు మెట్రోపాలిటన్ ప్రదర్శనశాలలోని నూనెబుడ్డి ముచ్చటైనది. ఎత్తు సుమారు 17 సెంటీమీటర్లే. అందు స్త్రీలు ఉన్ని తూచుచున్నారు, నూలు వడకుచున్నారు, నిలువు మగ్గము ముందు నిలుచుండి నేయుచున్నారు, నేసిన బట్ట మడచుచున్నారు. ఒక ఇంటి పనియంతయు ఆ చిన్న బుడ్డి చుట్టు తిరుగుచున్నది. దాని జోడుబుడ్డిపై పెండ్లి ఊరేగింపు. వధూవరులు బండిలో వరుని ఇంటికి పోవుచున్నారు. జర్మనీలోని వ్యూర్ట్‌స్‌బర్గు పాత్రపై వనదేవతలు ద్రాక్షలు త్రొక్కి మధువు తీయుచున్నారు. ఆ తుంటరితనము చూచి నవ్వని వాడుండడు.

కుమ్మరియు చిత్రకారుడును ఒక్కడేనా? పాత్ర మలుపునకు బొమ్మ ఒదిగిన తీరు చూచినచో ఒక్కడే యనుట సమంజసముగా తోచును. కాని గ్రీకులు చేయుటకు ఒక క్రియ, వ్రాయుటకు వేరొక క్రియ వాడెడివారు. సమకాలికుడగు ఎక్సీకియాస్ రెండు క్రియలతోను సంతకము చేసెను. అమాసిస్ మొదటిది మాత్రమే వాడెను.