బెస్ అనే గుర్రం, వాష్టి అనే పిల్ల

ఆ కొబ్బరిమట్ట ఇటు తోయరా చిన్నోడా, మంట పడిపోతోంది. దీన్నే చలి అంటున్నారు మీరు! నేను స్కాట్లాండులో డాక్టరుగా పనిచేసిన రోజుల్లో పడమటి దీవుల వాళ్ళు కట్టెల్లేక నేలనే కాల్చుకునేవాళ్ళు. నవ్వకండి, నిజం. అక్కడి చిత్తడి నేలని ఇటుకల్లా కోసి, ఎండబెట్టి పొయ్యిలో పెడతారు. పీట్ అంటారు దాన్ని. ఆ దీవులకి గుర్రబ్బండి మీద వెళ్ళిన పాటగత్తె ఒకావిడ ఉంది. నేను ఆవిణ్ని చూసింది లేదు. విన్నదీ చదివిందీ కలిపి చెబుతున్నా.

పేరు వాష్టి బన్యన్. 1945లో పుట్టింది. ఆక్స్‌ఫర్డులో బొమ్మలు నేర్పే రస్కిన్ స్కూల్లో చేరింది. బొమ్మలు మానేసి పాటలు రాసుకుంటూ కూర్చుంటోందని అక్కణ్నుంచి పంపించేశారు. పద్దెనిమిదేళ్ళప్పుడు న్యూయార్కు వెళ్ళింది. అక్కడ బాబ్ డిలన్ రికార్డు విని, ఇక నా పని ఇదే అనుకుంది. లండన్ తిరిగొచ్చాక ఆండ్రూ లూగ్ ఓల్డమ్ కంట పడింది. రోలింగ్ స్టోన్స్ బృందానికి మేనేజరు, ఆ రోజుల్లో అతను పట్టిందల్లా బంగారం అనుకునేవాళ్ళు. 1965లో ఆ బృందంలోని జాగర్, రిచర్డ్స్ రాసిన పాట ఒకటి తెచ్చి ఈ పిల్ల చేత పాడించాడు. డెక్కా కంపెనీ రికార్డు.

పిల్లదేమో పక్కగదిలోకి కూడా వినపడని గొంతు. దాని చుట్టూ పెద్ద వాద్యబృందాన్ని నిలబెట్టారు, పసిపిల్లకి పట్టుచీర చుట్టినట్టు. తను సొంతంగా రాసుకున్న పాటని రికార్డు వెనకపక్కకి తోశారు. అమ్ముడుపోలేదు. మరుసటి సంవత్సరం ఇంకో కంపెనీకి పాడింది. ఈసారి హంగులేవీ లేవు, గిటారూ సెల్లో అంతే. అదీ పోలేదు. మళ్ళీ ఓల్డమ్ దగ్గరికే వెళ్ళి పాడినవి చాలామటుకు అప్పట్లో బయటికే రాలేదు. పాప్ పాటల సంతలోనే మెల్లగా పాడే పాటకీ ఇంత చోటుండాలని ఆవిడ పట్టు. ఆ చోటు ఇచ్చే నాథుడు దొరకలేదు.

అప్పుడేం చేసిందో వినండి. రాబర్ట్ లూయిస్ అని ఆర్టు కాలేజీ కుర్రాడు, ఆవిడ స్నేహితుడు. ఆ కాలేజీ వెనకాల తుప్పల్లో కాపురం పెట్టారిద్దరూ! ఆ స్థలం ఎవరిదనుకున్నారు? బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌ది. ఊరుకుంటారా? ఖాళీ చేయించారు. ఆ రోజుల్లోనే డోనవన్ అని పేరున్న గాయకుడు స్కై అనే దీవి పక్కన చిన్న చిన్న దీవులు కొన్నాడు. కళాకారులందరూ అక్కడ కలిసి బతకొచ్చని అతని ఊహ. అతనే డబ్బు సర్దితే వీళ్ళు గుర్రాన్నీ పాత బండినీ కొన్నారు. గుర్రం పేరు బెస్. కుక్క పేరు బ్లూ. 1968లో బయల్దేరారు.

లండన్ నుంచి స్కై అంటే ఆరువందల మైళ్ళ పైమాటే. గుర్రం నడిచినంత ప్రయాణం, అది ఆగినచోట మకాం. నడిమధ్యన చలికాలం వచ్చిపడింది. వాళ్ళు చేరేసరికి ఏడాది దాటిపోయింది. దారి పొడుగునా పాటలు కట్టింది. మిణుగురుల మీద ఒకటి, బెస్ పేరు పెట్టి ఒకటి. పిల్లల ‘ట్వింకిల్ ట్వింకిల్’ వరసనే ఒక పాటకి వాడుకుంది, చూడండి ఆవిడ తెలివి. పాటల్లో అంతా వెలుగే. దారిలో మాత్రం వానా, చలీ, చేతిలో చిల్లిగవ్వ లేకపోవడమూ. ఎదురుగా లేని హాయిని పాటలో కట్టుకుని ముందుకి నడిచాం అన్నట్టు ఆవిడే తర్వాత చెప్పింది. నాకా మాట నచ్చింది. ఆ పాటలు విని ‘అబ్బ, ఎంత హాయి జీవితమో’ అనేవాళ్ళని చూస్తేనే నాకు ఒళ్ళు మండుతుంది.

స్కైకి అప్పుడు వంతెన లేదు, 1995లో కట్టారు. పడవలో దాటాల్సిందే. తీరా దాటి వెళ్తే ఏముంది? కళాకారులు మూటాముల్లే సర్దుకుని ఎప్పుడో వెళ్ళిపోయారు! వీళ్ళు ఇంకా ముందుకి వెళ్ళి, ఆ పడమటి దీవుల్లోనే, అంటే హెబ్రిడీస్‌లో, గేలిక్ మాట్లాడే బెర్నరే దీవిలో కొన్నాళ్ళు ఉన్నారు.

దారి మధ్యలోనే జో బాయ్డ్ అనే నిర్మాత ఆ పాటలు విని, ప్రయాణం అయ్యాక రికార్డు చేద్దామని మాటిచ్చాడు, నిలబెట్టుకున్నాడు కూడా. 1969 చివర్లో లండన్‌లో పాడింది. మంచి మంచి వాళ్ళు వాయించారు. కొన్ని పాటలకి తీగవాద్యాలు రాసినవాడు రాబర్ట్ కర్బీ, ఆ పేరు గుర్తుంచుకోండి. ‘జస్ట్ అనదర్ డైమండ్ డే’ అని 1970లో వచ్చింది. కొన్ని వందలు పోయాయేమో, అంతే. ఆవిడ గిటారు పక్కన పెట్టేసింది. ఐర్లండులో కొన్నాళ్ళు, స్కాట్లాండులో కొన్నాళ్ళు, ముగ్గురు పిల్లలు, పొలం, పశువులు. సొంత పిల్లలకైనా పాడలేదట.

1997 ప్రాంతంలో ఇంట్లోకి కంప్యూటరు వచ్చింది. తన పేరు కొట్టి చూసుకుంది. చూస్తే ఆ పాత రికార్డు కోసం జనం వందల పౌండ్లు పెడుతున్నారు! హక్కులు వెతికి పట్టుకుని 2000లో మళ్ళీ వేయించింది. డెవెండ్రా బన్‌హార్ట్ అని అమెరికా కుర్రాడు, పాటగాడు, సలహా అడుగుతూ ఉత్తరం రాశాడు. 2004లో అతని రికార్డులో ఆవిడ గొంతు కలిపింది. ఆ మరుసటేడు తన సొంత రికార్డు, ‘లుకాఫ్టరింగ్’. మాక్స్ రిక్టర్ చేయించాడు. హార్ప్ మీద జోవనా న్యూసమ్. కొమ్ము ఊదిందెవరు? ఆ కర్బీయే. అట్ట మీద కుందేలు బొమ్మ కూతురు వేసింది. ఈసారి వాద్యాలన్నీ ఆవిడ గొంతు ఎత్తు చూసుకుని వాయించాయి. నేను వినగానే అనుకున్నా, ఈ పిల్లకి 1965లో కావలసింది ఇదేనని. పిల్లలు పెద్దవాళ్ళైపోవడం గురించి పాడింది. తిరిగేవాళ్ళు ఊళ్ళు తిరుగుతుంటే ఇంట్లో మిగిలిపోయిన ఆడదాని గురించి ఒకటి పాడింది, ‘వేవర్డ్’ అని. 2022లో తన జీవితకథ రాస్తే దానికీ ఆ పేరే పెట్టుకుంది. జానపద గాయని అంటే మాత్రం ఒప్పుకోదు. నేను పాప్ పాటలే పాడాను అంటుంది.

ఏరా, ఏదో గొణుగుతున్నావు? ఆలస్యమైతేనేం, చివరికి పేరొచ్చింది కదా అనా? పత్రికల వాళ్ళూ అదే రాశారు, పోయిన వజ్రం దొరికిందని. నేనొప్పుకోను. 2014లో ‘హార్ట్‌లీప్’ వచ్చింది, చాలామటుకు ఇంట్లో కూర్చుని తనే రికార్డు చేసుకుంది, ఇదే ఆఖరిదని చెప్పేసింది. లెక్కపెట్టు, పాటల సంపుటాలు మొత్తం మూడు. మొదటిదానికీ రెండోదానికీ మధ్య ఆవిడకి పాతికేళ్ళ నుంచి అరవై ఏళ్ళు వచ్చాయి. 1976లో రావలసినది ఏది? చంకలో పిల్లని ఎత్తుకున్న వయసులో ఆ గొంతు ఎలా పాడి ఉండేదో, అది ఏ కంప్యూటర్లో వెతికితే దొరుకుతుందిరా?